బొమ్మకు బిరుదులిచ్చాం, కర్రకు నీడేది?

అంకుడు కొమ్మ నరికిన చోట తెల్లటి పాలు కారతాయి. బెరడు ఒలిస్తే లోపలి కర్రా తెల్లగానే ఉంటుంది. పోగు సన్నం, ఉలికి ఇట్టే లొంగుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మకు ఆధారం ఈ కర్రే. కర్ణాటకలో చెన్నపట్న బొమ్మలు సంప్రదాయంగా చేసేదీ ఈ జాతి చెట్టుతోనే.

నర్సీపట్నానికి ఉత్తరాన కొండల్లో పుట్టిన వరాహ నది గొలుగొండ మీదుగా దిగి ఏటికొప్పాకను తాకుతుంది. ఆ ఏటి దిగువన తయారయ్యే బొమ్మకు గౌరవాలు వరసకట్టాయి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించారు. 2023లో ఈ బొమ్మల కళాకారుడు సి.వి. రాజుకు పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటంపై ఊరేగింది ఆ బొమ్మలే. ఇవన్నీ న్యాయంగా దక్కినవే. అయితే చెట్టు నరికిన రోజు నుంచి లేత్ ఎక్కేదాకా ఆ కర్ర ఎక్కడ ఉంది, ఎలా ఆరింది అన్నది మాత్రం ప్రభుత్వ ప్రణాళికల్లో ప్రశ్నగానైనా నిలవాలి. బొమ్మ మన్నిక సగం అక్కడే తేలిపోతుంది.

పచ్చి దుంగలో నీరు రెండు చోట్ల ఉంటుంది: పోగుల బోలులో, పోగుల గోడల్లో. బోలులోని నీరు పోయినంత మాత్రాన కర్ర కుంచించుకుపోదు. ఎండుకర్ర బరువుతో పోలిస్తే తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది, అసలు కుదింపు అప్పుడు మొదలవుతుంది. అదీ అన్ని వైపులా సమంగా జరగదు. వలయాల వెంబడి కుదింపు, నడిమి నుంచి బెరడు వైపు జరిగే కుదింపుకు దాదాపు రెట్టింపు. గుండ్రటి దుంగ బెరడు నుంచి మధ్యకు నిలువునా నెర్రె విచ్చేది అందుకే.

నీరు పక్కల నుంచి కంటే కోసిన కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కాబట్టి నరికిన రోజే రెండు కొసలకూ మైనమో చిక్కటి రంగో పూయాలి. లావు దుంగైతే నడిమి గుండా రెండుగా చీల్చాలి. కావలసిన కొలత కంటే కాస్త పొడుగ్గా కోసుకుంటే, కొసల్లో చీలిక వచ్చినా తీసేయడానికి వీలుంటుంది. తర్వాత నేలకు తగలకుండా, వరసకీ వరసకీ మధ్య సన్నటి బద్దలు పెట్టి, ఎండ పడని, గాలి ఆడే చోట పేర్చాలి. అప్పుడప్పుడూ ఒక ముక్కను తూకం వేసి చూడాలి. బరువు తగ్గడం ఆగితే కర్ర ఆ ఊరి గాలికి సర్దుకున్నట్టే.

వానాకాలంలో ఇదంతా కష్టం. తడి వదలని తెల్ల కర్రలో బూజు చేరి నీలి మరకలు పాకుతాయి. పసుపు, జాఫరా గింజల వంటి సహజ రంగులు కలిపిన లక్క పూత పలచగా ఉంటే అడుగున మరక కనబడకుండా ఉండదు.

కుంకుమ భరిణెను చూస్తే నష్టం అర్థమవుతుంది. తిరిగే కర్రకు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. లోపలి కర్ర పచ్చిదైతే కొన్ని వారాలకు భరిణె నోరు కోలగా మారుతుంది, మూత బిగుసుకుంటుంది. కర్ర కుంచించుకున్నంతగా లక్క కుంచించుకోదు కనుక పూత పగిలి పెచ్చులూడుతుంది. కొన్నవారు తిట్టేది బొమ్మ చేసిన చేతినే.

ఈ సంగతులు పనివాళ్లకు తెలియవా? తరాలుగా తెలుసు. తెలిసినా, నెలల తరబడి కర్రలో పెట్టుబడి ఇరికించుకునే స్తోమత చిన్న కుటుంబానికి ఉండదు. పండుగ గిరాకీ తలుపు తట్టినప్పుడు సగం ఆరిన కర్రనే లేత్ ఎక్కించక తప్పదు. ఆ భారం ప్రభుత్వం మోయాలి.

కర్ర ఆరబెట్టడానికి తగిన చోటు గొలుగొండ వైపు కొండ దిగువన ఉంది. పచ్చి కర్ర బరువులో చాలా భాగం నీరే. అక్కడే ఆరబెడితే రవాణా ఖర్చు తగ్గుతుంది, స్థానిక గిరిజన కుటుంబాలకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ఇదే గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం కొండ ప్రజల జీవనంపై పెట్టిన ఆంక్షలు ఆయన నడిపిన 1922 మన్యం పోరాటానికి ఒక కారణం. కనుక కర్ర పథకం ఏదైనా కొండవాళ్ల కూలీతో ఆగకూడదు, రాబడిలో వాటా ఇవ్వాలి. అడవి మీదే ఆధారపడనక్కర్లేదు కూడా. అంకుడు నరికిన మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, పొలం గట్ల మీద పెంచుకోవచ్చు.

కావలసినవి ఖరీదైనవి కావు. రేకుల కప్పుతో గాలి ఆడే ఒక ఉమ్మడి షెడ్డు, వానాకాలానికి సౌరవేడితో ఆరబెట్టే ఒక గది, తేమ కొలిచే కొన్ని మీటర్లు, అంకుడు మొక్కల నర్సరీ చాలు. ఆరిన కర్రను తేమ శాతం రాసి, అరువు మీద పనివాళ్లకు ఇచ్చే ఏర్పాటు ఉండాలి. హస్తకళల శాఖ, అటవీ శాఖ, అనకాపల్లి జిల్లా యంత్రాంగం ఒకచోట కూర్చుని వచ్చే వానాకాలంలోగా ఈ షెడ్డుకు స్థలం తేల్చాలి.