గాజుపెట్టెలో సముద్రము

అగస్త్యుడు సముద్రమును పుడిసిటబట్టి త్రాగెనని పురాణములు చెప్పుచున్నవి. మన కాలపు సంపన్నగృహస్థులు అంతకంటె ఘనులు. వారు సముద్రమును కొని తెచ్చి, నాలుగడుగుల గాజుపెట్టెలో పోసి, చావడిలో సోఫా ప్రక్కను నిలుపుచున్నారు. నీలిదీపముల క్రింద పగడములు, వాని నడుమ తెల్లని పట్టెలు గల నారింజవన్నె చేపలు, చూచువారి కన్నులకు విందు చేయుననుటలో సందేహము లేదు. గృహప్రవేశమునకు గణపతిపూజ యెట్లో, కలిగినవారి యిండ్లకు ఉప్పునీటి అక్వేరియము అట్లు కాగల దినములు వచ్చునేమో యని నాకు తోచుచున్నది.

చేపలను పెంచుట పాపమని నా వాదము గాదు. తెలిసికొని, ఓపికపట్టి పెంచువారియెడ నాకు గౌరవమే కలదు. ప్రాణులను కుర్చీలతో, తెరలతో పాటు ఒకే జాబితాలో వ్రాసి కొనువారితోనే నా తగవు.

నా మిత్రు డొకడు క్రొత్తగా ఇల్లు కట్టుకొనెను. గృహప్రవేశమునకు నాలుగు దినములు ముందు ఒక వర్తకుడు వచ్చి 200 లీటర్ల తొట్టి నమర్చి, ఆనాడే నీరు పోసి, ఆనాడే ఎనిమిది చేపలను, ఒక సముద్రపుష్పమును, మూడు పగడపు ముక్కలను దింపిపోయెను. "సీసాడు మందు పోసితిని, ఇక భయము లేదు" అని కూడ చెప్పెనట. బంధువులు వచ్చి మెచ్చుకొనిరి, ఫొటోలు తీసికొనిరి. పదియవనాటికి చేపలలో రెండు మాత్రమే మిగిలెను. పూవువలె విచ్చుకొని యుండిన ఆ సముద్రజంతువు కుళ్లి యిల్లంతయు కంపుగొట్టెను. ఏడేండ్ల కూతురు తండ్రి నడిగెను: "నాన్నా, వాటికి మనమేమి చేసితిమి?" తండ్రి, "క్రొత్తవి తెత్తును లేమ్మా" అనెను. ఆ ప్రశ్నకు అది ఉత్తరము గాదు. నాకు తెలిసిన ఉత్తరమును ఇక్కడ చెప్పుచున్నాను.

చేప విసర్జించు మలినమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. సముద్రములో అది అపారజలమున కలిసిపోవును. తొట్టిలో దానికి పోవుటకు చోటు లేదు. రాళ్లమీదను ఇసుకలోను నివసించు సూక్ష్మజీవులలో ఒకజాతివి అమ్మోనియాను నైట్రైటుగాను, వేఱొకజాతివి నైట్రైటును నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపలకు విషములు. మూడవది వానికంటె చాల తక్కువ హాని చేయును. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు చాలినంతగా వృద్ధిపొందుటకు సాధారణముగా నాలుగునుండి ఆఱు వారములు పట్టును. సీసాలలో అమ్ము సూక్ష్మజీవులు ఆ గడువును కొంత తగ్గింపవచ్చును. గాని నీటిని పరీక్షింపక వానిని నమ్ముట అవివేకము. కావున, అమ్మా, ఆ చేపలు తమ మలినపు విషములోనే చచ్చినవి. మీ నాన్న ఆఱు వారములు ఖాళీనీటిని చూచుచు ఓర్వలేకపోయెను.

చేపల సంగతి యిట్లుండగా పగడముల సంగతి మఱింత సున్నితము. పగడమనగా మనవారికి నవరత్నములలో నొకటి, హారమునందు కూర్చు ఎఱ్ఱపూస. ఆ పూసనిచ్చు మధ్యధరాసముద్రపు జాతి వేఱు, ఉష్ణసముద్రములలో దిబ్బలను కట్టు జాతులు వేఱు. ఈ రెండవది చూచుటకు రాయివలెను, పెరుగుటకు చెట్టువలెను ఉండును గాని నిజమునకు జంతువు. దాని శరీరములో కంటికి కనబడని నాచుకణములు కాపురముండి, వెలుతురుతో ఆహారము వండి యింటి యజమానికి పెట్టుచుండును. వేడి అధికమైనచో ఈ పొత్తు చెడును. కణములు వెడలిపోవును, పగడము తెల్లబాఱును, ఆకలిచే చచ్చును. తొట్టినీరు 25నుండి 27 డిగ్రీల సెల్సియసున నిలువవలయును. మన వేసవిలో గది లోపలనే అంతకుమించిన వేడి యుండును. నీటిని చల్లబఱచు యంత్రము లేక పగడమును తెచ్చువాడు దానిని కుంపటిపై పెట్టినవాడే.

ఇక నిత్యవిధిని చూడుడు. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పులు కలవు. 200 లీటర్ల తొట్టిలో దాదాపు ఏడు కిలోలు. ఆవిరియై పోవునది నీరే, ఉప్పు అట్లే నిలిచియుండును. తగ్గిన 20 లీటర్లను, తెలియక, మరల ఉప్పునీటితోనే నింపినచో మఱి ఏడువందల గ్రాముల ఉప్పు చేరును. 35 గ్రాములుండవలసిన చోట 38న్నర అగును. తగ్గినంత మంచినీరు ప్రతిదినమును పోయవలయును. అదియు కుళాయినీరు కారాదు. అందలి క్లోరిను, ఒకవేళ గొట్టములనుండి చేరు రాగి, పగడములకును రొయ్యలకును ప్రాణాంతకములు. ఆర్.ఓ. యంత్రమున వడగట్టిన నీరే వలయును. పగడము తన అస్థిని కట్టుకొనుటకు నీటిలోని కాల్షియమును అనుదినము తీసికొనును. లీటరుకు 400నుండి 450 మిల్లీగ్రాముల వఱకు అది యుండునట్లు చూచి, తగ్గినదానిని నింపవలయును. విద్యుత్తు పోయినచో నీటి కదలిక ఆగును. కొన్ని గంటలలో ప్రాణవాయువు తఱుగును. బ్యాటరీతో నడచు గాలిపంపు సిద్ధముగా నుండవలయును. వారమునకో పక్షమునకో పదవవంతు నీటిని మార్చవలయును.

ఈ పను లెవరు చేయుదురు? గృహస్థు లీ ప్రశ్న వేసికొనరు. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లస్త్రీ సముద్రతీరమునుండి పగడజాతి జీవులను లండనుకు తెచ్చి పెంచెను. ఉప్పునీటిని ఇంట సజీవముగా నిలిపినవారిలో ఆమె మొదటివారిలోనిది. ఆ నీటికి గాలి తగులుటకై కిటికీయొద్ద ఒక పాత్రనుండి మఱొక పాత్రలోనికి అరగంటకు పైగా పోయుచుండవలసివచ్చెను. ఆ శ్రమ పడినది ఆమె యింటి చిన్నపరిచారిక. ఆనా థిన్ పేరు చరిత్రలో నిలిచినది. ఆ పిల్ల పేరు నే నెక్కడను చూడలేదు.

నేడును అంతియే. అతిథులు మెచ్చుకొనుట యజమానిని. బకెట్లు మోయుట, గాజు తుడుచుట, సెలవులలో ఊరికి పోలేక కావలియుండుట భార్యవంతు లేక పనిమనిషివంతు. పైగా ఇందు అపాయమును కలదు. గుండీలవలె గుంపుగా పెరుగు జొయాంథసు జాతిలో కొన్నిటియందు పాలిటాక్సిను అను మహావిషము కలదు. అవి అంటిన రాతిని శుభ్రము చేయుటకై సలసల కాగునీరు పోసినను, నీటిలో ఉడికించినను ఆ విషము ఆవిరితో లేచి ఊపిరిలోనికి పోవును. ఇట్లు కుటుంబములకు కుటుంబములే ఆస్పత్రి పాలైన ఉదంతములు వైద్యపత్రికల కెక్కినవి. ఈ ముక్క తెలియక ఆ రాతిని చెంబుడు వేడినీళ్లతో తోము పనిమనిషికి ఏమైన వచ్చినచో ఉత్తరవాది యెవరు?

ఇంటిలోని అన్యాయ మిది. ఇంటివెలుపలి అన్యాయము ఇంతకంటె పెద్దది. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854లో అక్వేరియమును గూర్చి గ్రంథము ప్రకటించెను. దైవసృష్టిని జనులు దగ్గఱనుండి చూచి మెచ్చవలెనని ఆయన కోరిక. చదివినవారు సంచులతో సీసాలతో ఇంగ్లండు తీరములకు ఎగబడిరి. తండ్రి చూపిన రాతిగుంటల సౌందర్యము ఆ ఎగబాటుచే నాశనమైనదని కొడుకు ఎడ్మండు గాస్ 1907లో ప్రకటించిన తన ఆత్మకథలో విలపించెను. మంచి ఉద్దేశ్యమే అంత చేసినచో, ఉత్త డాబు ఎంత చేయును?

చేసినదే చూడుడు. ఫిలిప్పీను దీవులలో 1960 ప్రాంతపు సంవత్సరములనుండి సయనైడు కలిపిన నీటిని పగడపు సందులలోనికి చిమ్మి, మత్తిల్లిన చేపలను పట్టు దుర్మార్గము ప్రబలెను. అది చట్టవిరుద్ధము. అయినను అక్కడ సమసిపోక ఇతర దేశములకును వ్యాపించెను. పట్టిన చేప తరువాత దినములలో చచ్చును, చిమ్మినచోటి పగడము అక్కడనే చచ్చును. ఇండోనేషియాలోని బంగాయి దీవులలో మాత్రమే సహజముగా నుండు కార్డినలు చేప 1990 తరువాత వర్తకుల కంటబడెను. 2007లో అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికలో చేరెను. విచారమేమనగా, ఆ చేప తొట్లలో గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచునది. సముద్రమును దోచుట కవసరమే లేదు.

మన దేశపు మాట. గోదావరీకృష్ణలు తెచ్చు మంచినీటిచేతను ఒండ్రుమట్టిచేతను మన తెలుగుతీరమున విశాలమైన పగడపు దిబ్బలు పెరుగలేదు. మన యిండ్లలోని పగడము ఎక్కడిదైనను పరస్థలముదే. రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ మన్నారు సింధుశాఖలో 21 దీవులు గల పగడపు దిబ్బలుండెను. సున్నమునకును కట్టడములకును పెక్కేండ్లు ఆ పగడమును త్రవ్విరి. దీవులలో రెండు నీట మునిగిపోయినవి. మిగిలిన పగడములు 1998, 2010, 2016 సంవత్సరములలో సముద్రపు వేడికి తెల్లబాఱినవి. రాతిపగడములను, నల్లపగడములను, సముద్రవ్యజనములను 2001లో వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. మన సముద్రములలోని వానిని తీయుట, అమ్ముట, కొనుట నేరము. విదేశపు రాతిపగడముల వ్యాపారమును అంతర్జాతీయపు ఒడంబడికకు లోబడినది. వర్తకుని పత్రములేవని అడుగక కొనువాడు దొంగసొత్తు కొనుటకు వెనుదీయనివాడే.

ఇందుకు కొందఱు చెప్పు సమాధానములను విచారింతము. "పిల్లలకు ప్రకృతిజ్ఞానము కలుగును" అందురు. కలుగును, నిజమే. చచ్చినదానిని పారవేసి క్రొత్తది తెచ్చు నింట కలుగు జ్ఞానమేమి? డబ్బున్నచో ప్రాణమునకు లోటులేదనుటయే గదా! "మనము చేపలను తినుటలేదా?" అందురు. తినువాడు ఆకలి తీర్చుకొనుటకు చంపుచున్నానని యెఱిగి చంపును. వీరు ప్రేమించుచున్నామని చెప్పుచు చంపుచున్నారు. "బెస్తల జీవనము పోవును" అందురు. పగడపు దిబ్బ చచ్చినచో బెస్తకు చేపయే లేదు. ఆతనిమీద దయగలవారు పెంచిన చేపలనే కోరవలయును. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాసంస్థవారు క్లౌన్ చేపలను తొట్లలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విద్యను సాధించియేయున్నారు. తీరవాసులకు అదియు ఒక జీవనోపాధి కాగలదు.

కావున ఉప్పునీటి తొట్టిని పెట్టదలచినవారు ముందుగా ఈ నియమములకు ఒప్పుకొనవలయును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నయని పరీక్షలో తేలువఱకు ప్రాణిని దింపరాదు. మొదటి సంవత్సరము రెండు మూడు చేపలతో తృప్తిపడవలయును. అవియు తొట్లలో పుట్టినవే కావలయును. క్లౌన్ చేపకు సముద్రపుష్పము లేక గడవదనుట అపోహ. అది లేకయే తొట్టిలో సుఖముగా నుండును. సూక్ష్మజంతువులను మాత్రమే వేటాడి తిను మాండరిను చేపను, ఇతర చేపల మేని పురుగులే ఆహారముగా గల వైద్యచేపను తేరాదు. చిన్నతొట్లలో అవి తఱచుగా ఆకలిచే చచ్చును. పగడములు కావలసినచో పెంపకములో చీల్చి పెంచిన ముక్కలనే పత్రములతో కొనవలయును. విసుగుపుట్టినదని దేనినిగాని సముద్రములో వదలరాదు. అట్లాంటికులో నేడు స్థానికమత్స్యములను మ్రింగివేయుచున్న సింహచేపలు అక్వేరియములనుండి వదలబడినవాని సంతతియని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అన్నిటికంటె ముఖ్యమైనది, తొట్టిపని దాని యజమాని తన చేతులతో తానే చేయవలయును.

ఈ కడపటి నియమ మొక్కటి పాటించినను చాలును. ఆఱు వారములు నీటిని పరీక్షించి, బకెట్లు తానే మోసిన గృహస్థుడు, ఆ తరువాత దింపిన చేపను సామానుగా ఎన్నడును చూడజాలడు. మోయ నిష్టములేనివారు ఆ గోడకు ఒక మంచి చిత్రపటమును తగిలించుకొనుడు. అతిథులు మెచ్చుకొందురు. మీ పిల్లలు మిమ్మడుగవలసిన ప్రశ్నయు ఉండదు.