ఆ రౌటర్ పోలేదు

రౌటర్‌లో కంపెనీ పెట్టి పంపిన ఫర్మ్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకున్నామని చెబితే చాలు, దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "ఎందుకొచ్చిన గొడవ, అది పోతుంది, పోతే మళ్లీ ఎవరూ బాగుచేయలేరు." కేబుల్ ఆపరేటర్ అదే అంటాడు, దుకాణంలో అదే అంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బంధువులూ అదే అంటారు. ఆ తర్వాత ఎప్పుడు నెట్ ఆగినా నేరం ఫర్మ్‌వేర్‌దే. కారణం వెతికేవాళ్లు ఉండరు. ఈ అభిప్రాయం తప్పు. దీనివల్ల బాగుపడగల యంత్రాలు చెత్తలోకి పోతున్నాయి, భద్రతా సవరణలు ఎప్పుడో ఆగిపోయినవి ఇళ్లలో రాత్రింబవళ్లు నడుస్తున్నాయి.

రౌటర్ పోవడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. అది ఒక చిన్న కంప్యూటర్. కరెంటు అందగానే అందులో మొదట లేచేది బూట్‌లోడర్. మిగతా వ్యవస్థని లేపేది అదే. ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు మామూలుగా దాని జోలికి వెళ్లం. కాబట్టి పైన వేసింది ఎంత చెడినా బూట్‌లోడర్ బతికి ఉన్నంతవరకు వెనక్కి వచ్చే దారి ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇంకా జాగ్రత్త పడింది. చాలా మోడళ్లలో అసలు వ్యవస్థ చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని భాగంలో ఉంటుంది, మనం మార్చే సెట్టింగులన్నీ ఓవర్‌లే అనే విడి పొరలో పడతాయి. ఫైర్‌వాల్ తప్పుగా రాసి మనమే లోపలికి వెళ్లలేని పరిస్థితి తెచ్చుకున్నా కింద ఉన్నది చెక్కుచెదరదు. బూట్ అయ్యేటప్పుడు లైటు మిణుకుమంటుండగా బటన్ నొక్కితే ఆ పొరను పక్కనపెట్టి ఫెయిల్‌సేఫ్‌లో లేస్తుంది, 192.168.1.1 దగ్గర పలుకుతుంది. ఆ స్థితిలో అది ఎవరికీ ఐపీ చిరునామా పంచదు కనుక కంప్యూటర్‌కి అదే వరసలో ఒకటి మనమే చేత్తో ఇచ్చుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియకపోతే బాగా ఉన్న రౌటర్ కూడా పోయినట్టే కనిపిస్తుంది.

ఫెయిల్‌సేఫ్ రాకపోతే టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతి ఉంది. టీపీ-లింక్ ఆర్చర్ సీ7 రెండో వెర్షన్‌నే చూడండి. కంప్యూటర్‌కి 192.168.0.66 ఇచ్చి, ఫర్మ్‌వేర్ ఫైలుకి రౌటర్ అడిగే పేరు పెట్టి, రీసెట్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే బూట్‌లోడరే ఆ ఫైలు తీసుకుని రాసేస్తుంది. అదీ కుదరకపోతే పెట్టె విప్పి బోర్డు మీది సీరియల్ పిన్నులకు యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ తగిలించాలి. గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్: మూడే తీగలు. సాధారణంగా అది 3.3 వోల్టుల పని. అడాప్టర్‌కి ఉండే కరెంటు తీగని మాత్రం కలపకూడదు. చాలా మోడళ్లలో వేగం 115200 పెడితే బూట్ ఏ అడుగు దగ్గర ఆగుతోందో తెరమీద వరసగా పడుతుంది. బూట్‌లోడరే చెరిగిపోతే ఫ్లాష్ చిప్‌ని ప్రోగ్రామర్‌తో తిరగరాయాలి, అది ప్రతి ఇంట్లో అయ్యే పని కాదు. కానీ అక్కడిదాకా రాకముందే మనవాళ్లు పెట్టె మూసేస్తున్నారు.

నిజానికి ఫర్మ్‌వేర్ మీద పడే నిందల్లో చాలావాటికి దానితో సంబంధమే లేదు. కొత్తగా వేశాక వైఫై కనిపించకపోతే చెడిపోయిందనుకుంటారు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ గాలిలోకి పోకూడదని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ చాలా పరికరాల్లో దాన్ని ఆపే ఉంచుతుంది. తీగతో లోపలికి వెళ్లి, దేశం కోడ్ ఇచ్చి, పాస్‌వర్డ్ పెట్టి ఆన్ చేయాలి. 5 గిగాహెర్ట్జ్ మాత్రమే రాకపోతే చానల్ చూడాలి. రాడార్లతో పంచుకునే చానళ్లలో ప్రసారం మొదలుపెట్టే ముందు రౌటర్ కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలన్నది నియమం. నెట్‌ని ఎక్కువ వాడినప్పుడల్లా రీబూట్ అవుతుంటే ముందు అనుమానించవలసింది ఏళ్ల తరబడి ప్లగ్గులో వేడెక్కిన అడాప్టర్‌ని.

కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుంటాయి, కొన్ని సగంలో వేలాడతాయి. ఇది మన ఇళ్లలో తరచు చూసే లక్షణం, దీన్ని అందరూ "ఫర్మ్‌వేర్ బగ్" అనేస్తారు. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు పీపీపీఓఈ మీద నడుస్తాయి. ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్‌కి 1500 బైట్ల చోటు ఉంటే పీపీపీఓఈ అందులో 8 తీసుకుంటుంది. మిగిలేది 1492. అంతకంటే పెద్ద ప్యాకెట్ వస్తే "చిన్నది పంపు" అని చెప్పే సందేశం పంపినవాడికి చేరాలి. దారిలో ఎవరైనా ఆ సందేశాన్ని అడ్డుకుంటే పెద్ద ప్యాకెట్లు మాత్రమే మాయమవుతాయి. ముక్కలు చేయవద్దని చెప్పి 1464 బైట్లతో పింగ్ చేస్తే జవాబు వచ్చి, 1465తో రాకపోతే హద్దు 1492 దగ్గరే ఉందని తేలుతుంది. శీర్షికలకు పోయే 28 బైట్లు కలుపుకుంటే లెక్క సరిపోతుంది. మందు కూడా ఫైర్‌వాల్‌లోనే ఉంది: ప్యాకెట్లు మొదటే చిన్నవిగా వచ్చేలా చూసే ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దాన్ని బయటి జోన్‌కి ముందే పెట్టి ఇస్తుంది. మనం సొంతంగా కొత్త జోన్ తయారుచేసి అది పెట్టడం మరిచిపోతే తప్పు ఎవరిది?

గడియారం సంగతి ఇంకా విచిత్రం. చాలా రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వచ్చాక పాత తేదీతో లేస్తాయి. డీఎన్‌ఎస్‌ని ఎన్‌క్రిప్ట్ చేసుకుని ఉంటే సర్టిఫికెట్ పరీక్షకు సరైన తేదీ కావాలి. సరైన తేదీ కోసం టైమ్ సర్వర్‌ని వెతకాలంటే డీఎన్‌ఎస్ కావాలి. రెండూ ఒకదాని కోసం ఒకటి కాచుకుని కూర్చుంటాయి. టైమ్ సర్వర్‌ని పేరుతో కాక ఐపీ చిరునామాతో ఇస్తే ముడి విడిపోతుంది.

ఫర్మ్‌వేర్ మార్చుకునే ఔత్సాహికులతోనూ నాకు పేచీ ఉంది. ఏ తేడా వచ్చినా రీసెట్, మళ్లీ ఫ్లాష్, మళ్లీ రీసెట్. డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే మరో ఫర్మ్‌వేర్ కాలం నుంచి వస్తున్న 30-30-30 తంతు ఒకటుంది: కరెంటు ఉండగా 30 సెకన్లు, తీసేసి 30, మళ్లీ ఇచ్చి 30, బటన్ వదలకుండా నొక్కి ఉంచడం. అది కొన్ని పాత మోడళ్ల కోసం పుట్టింది, ఇప్పుడు అన్నిటికీ అంటగడుతున్నారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాగ్ మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది. స్విచ్ ఆపిన క్షణంలో సాక్ష్యం పోతుంది. ముందు లాగ్‌రీడ్, డీమెసేజ్ ఆదేశాలు ఇచ్చి, వచ్చింది చదివి దాచుకోవాలి. తర్వాత వైఫైని పక్కనపెట్టి తీగతో చూడాలి, ఐపీకి పింగ్ పోతోందా, పేరుకి పోతోందా అని అడగాలి. రీసెట్‌తో సమస్య మాయమైతే సంతోషించడానికేమీ లేదు, ఎందుకు వచ్చిందో తెలియలేదు కనుక అది మళ్లీ వస్తుంది.

కంపెనీ ఫర్మ్‌వేర్‌తో ఉంటే నిశ్చింత అనే వాదన చూద్దాం. 2017 అక్టోబర్ 16న క్రాక్ అనే వైఫై లోపం బయటపడింది. అప్పట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నుంచి చీలి నడుస్తున్న లీడ్ ప్రాజెక్టు రెండు రోజుల్లో సవరించిన వెర్షన్ ఇచ్చింది. ఎన్నో పాత కంపెనీ రౌటర్లకు ఆ సవరణ రానేలేదు. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ కనీసం 54 దేశాల్లో 5 లక్షల పరికరాల్లో దూరిందని సిస్కో పరిశోధకులు ప్రకటించినప్పుడు, అవి కంపెనీల ఫర్మ్‌వేర్‌తో నడుస్తున్న మామూలు పెట్టెలే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, భద్రతా సవరణలు ఎప్పటిదాకా ఇస్తారో తయారీదారు చెప్పితీరాలన్న చట్టం అమల్లో ఉంది. మన దుకాణాల్లో పెట్టె మీద నాకు ఆ తేదీ కనిపించదు.

అన్ని రౌటర్లూ ఇందుకు పనికిరావు, ఆ మాట దాచను. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు సరైన ఓపెన్ డ్రైవర్లు లేవు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటికి ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టదు. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ అందకపోతే పాత ప్రాసెసర్ మీద వేగం తగ్గుతుంది, కొన్నిసార్లు బాగా తగ్గుతుంది. నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె మనది కాదు, దాన్ని ముట్టుకోకూడదు. ఒకే పేరుతో అమ్మే మోడల్‌లో వెర్షన్ మారితే లోపలి చిప్‌లే మారవచ్చు. అడుగున స్టిక్కర్ చదవకుండా ఫైలు ఎక్కించకూడదు. ఇవన్నీ ముందే చూసుకోగలిగిన విషయాలు.

అయితే "ఎవరూ బాగుచేయలేరు" అన్నది యంత్రధర్మం కాదు, తయారుచేసినవాడి నిర్ణయం. అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రేడియో నియమాలు బిగించాక టీపీ-లింక్ అక్కడ వేరే ఫర్మ్‌వేర్ ఎక్కకుండా తాళం వేసింది. 2016లో వేరొక నియమ ఉల్లంఘనపై 2 లక్షల డాలర్లు కట్టి రాజీపడుతూ, బయటివాళ్ల ఫర్మ్‌వేర్‌కి దారి ఇచ్చేందుకు పనిచేస్తామని అదే కంపెనీ ఒప్పుకుంది. 2024 చివర్లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్‌లో రెండు ఫ్లాష్ చిప్‌లు ఉన్నాయి, ఒకటి రోజువారీ వాడకానికి, రెండోది రికవరీకి. మొదటిది ఎంత పాడుచేసుకున్నా ఒక స్విచ్ జరిపితే రెండోదాని నుంచి లేస్తుంది. ఆ పెట్టె 89 డాలర్లకు అమ్మకానికి వచ్చింది.