చెప్పుకోలేని చోట మొటిమలు

పేరు రాయని ఒక సోదరి ఉత్తరం నా ముందున్నది. నాభి క్రింది భాగంలో ఆరు నెలలుగా ఎర్రని మొటిమలు లేస్తున్నాయట. కొన్నింటిలో చీము పడుతున్నది, మానినచోట నల్లమచ్చలు మిగులుతున్నాయి. ప్రతి శుక్రవారం రేజరుతో శుభ్రం చేసుకున్న రెండు రోజులకు ఎక్కువవుతున్నాయట. ‘ఒంట్లో వేడి’ అని అత్తగారు సబ్జా నీళ్ళు త్రాగించారు. భర్త మందుల దుకాణం నుండి ఒక ట్యూబు తెచ్చి ఇచ్చారు. పూసిన నాలుగు రోజులూ తగ్గి, మానివేయగానే రెట్టింపుగా వచ్చాయి. ఉత్తరం చివర ఇలా ఉన్నది: ‘ఇది సుఖవ్యాధి అయి ఉంటుందా? మావారికి అనుమానం కలుగుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.’

సోదరీ, మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది సుఖవ్యాధిగా తోచడం లేదు. కళ్ళారా చూడనిదే నిర్ధారించలేను గాని, రేజరు వాడిన తరువాత చీము మొనతో లేచే మొటిమలు సాధారణంగా వెంట్రుక కుదుళ్ళ వాపు వల్ల కలిగేవి. ఇందులో అనుమానించవలసినది గాని, సిగ్గుపడవలసినది గాని ఏమీ లేదు. ఈ పుటను మీవారికి కూడా చూపండి. పురుషులకూ ఇదే బాధ ఇదే కారణంగా వస్తుంది.

రేజరు చర్మం పైపొరను కంటికి కనిపించనంత సన్నగా గీరుతుంది. మన చర్మం మీద, ముక్కు రంధ్రాలలో మామూలుగానే నివసించే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా ఆ గీరల గుండా కుదుళ్ళలోకి చేరుతుంది. పైగా ఈ భాగపు వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. తెగి వాడిదేరిన మొన బయటికి పెరగడానికి బదులు వంగి చర్మంలోనే గుచ్చుకుంటుంది. శరీరం దానిని ముల్లుగా భావించి చుట్టూ వాచిపోతుంది. బిగుతైన నైలాను లోదుస్తులు, చెమట, తొడల రాపిడి దీనికి తోడవుతాయి. మీ అత్తగారి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. తిండి వల్ల కలిగే వేడి కాదు గాని, ఎండకాలపు చెమట ఈ మొటిమలను తప్పక పెంచుతుంది.

వారం వారం రేజరు పట్టడం ధర్మం విధించినది కాదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు నలభై రోజులు దాటకూడదని మాత్రమే గడువు పేర్కొన్నది. గొరగడమే ఉత్తమమైనా, కత్తిరించడం కూడా చెల్లుతుందని ఇమామ్ నవవీ రాశారు. కనుక మొటిమలు పూర్తిగా మానేవరకు రేజరును ప్రక్కన పెట్టండి. ఆ తరువాత చిన్న కత్తెరగాని, ట్రిమ్మరుగాని వాడండి. రేజరే కావాలనుకుంటే గోరువెచ్చని నీటితో స్నానం చేసిన పిమ్మట, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన దిశలోనే తీయండి. భార్యాభర్తలు ఒకే రేజరు వాడే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది, అది మానుకోవాలి.

ఇప్పటికి కాపడం మంచి చికిత్స. శుభ్రమైన గుడ్డను వెచ్చని నీటిలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు అద్దండి. చిన్న మొటిమలు చాలావరకు వారం పది రోజులలో అణగిపోతాయి. గిల్లకండి, నొక్కి చీము తీయకండి. వదులైన నూలు లోదుస్తులు ధరించండి. ఇస్తింజాకు మంచినీరు చాలు. ప్రతిసారీ సబ్బు రుద్దడం, క్రిమిసంహారక ద్రవాలు పోయడం ఆ చర్మాన్ని మరింత పాడు చేస్తాయి. ముఖానికి వాడే మొటిమల క్రీములను కూడా ఇక్కడ పూయవద్దు, మంట పుడుతుంది.

ఇక ఆ ట్యూబు. పేరు రాయలేదు గాని, మీరు చెప్పిన తీరు చూస్తే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చునని నా సందేహం. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు కలిపిన పూతలు మన దుకాణాలలో విరివిగా దొరుకుతాయి. స్టెరాయిడ్ ఎరుపును, దురదను త్వరగా అణచివేస్తుంది, కాని రోగాన్ని నయం చేయదు. ఎక్కువ కాలం పూస్తే చర్మం పలుచబడి చారలు పడతాయి, ప్రక్కన తామర ఉంటే అది మొండిగా తయారవుతుంది. డాక్టరు చీటీ లేకుండా అనేక స్టెరాయిడ్ పూతలను అమ్మరాదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అది ఏ మేరకు అమలవుతున్నదో మీ ఉత్తరమే చెబుతున్నది.

అయితే లేచినవన్నీ మొటిమలే అనుకోకూడదు. రాత్రిపూట విపరీతమైన దురద ఉండి, ఇంట్లో మరొకరికీ ఉంటే అది గజ్జి కావచ్చు. అందరూ ఒకేసారి మందు వాడాలి. మంటతో గుంపుగా లేచే నీటిపొక్కులు, నొప్పి లేని పుండు, పులిపిర్లు వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేదని పుండును ఉపేక్షించకండి, సిఫిలిస్ తరచు అలాగే మొదలవుతుంది. గజ్జలలోనూ చంకలలోనూ పదే పదే గడ్డలు లేచి చీము కారుతుంటే, అది దీర్ఘకాలం చికిత్స అవసరమైన వేరొక వ్యాధి కావచ్చు. జ్వరంతో కూడిన పెద్ద సెగగడ్డను డాక్టరే కోసి చీము తీయాలి. మాటిమాటికీ సెగగడ్డలు వచ్చేవారు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం అవసరం.

హయా ఈమాన్‌లో భాగమే. కాని ధర్మం తెలుసుకోవడానికి సిగ్గు అడ్డురాని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. మీకు ఆరు నెలలుగా వస్తున్నది గనుక కాపడంతో సరిపెట్టుకోక, చర్మవైద్యురాలికి ఒకసారి చూపించుకోండి. అవసరమైతే ఆమె యాంటీబయాటిక్ రాసిస్తారు. వెళ్ళేటప్పుడు ఆ ట్యూబును కూడా వెంట తీసుకువెళ్ళండి, ఎన్ని రోజులు పూశారో దాచకుండా చెప్పండి.