ఆంగ్లశాఖ వీడ్కోలు సభ

హైదరాబాదుకు ఉత్తరాన, నాగపూరు వెళ్ళే జాతీయ రహదారి మీద, మేడ్చల్‌కు కొంచెం ఇవతల ఉన్న ఊరు కండ్లకోయ. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలకు ఒకప్పుడు ద్రాక్షతోటల వల్ల పేరుండేది. పందిళ్ళు తొలగిన నేలలో నేడు విద్యాలయాల ప్రహరీగోడలు కనిపిస్తాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో స్థిరపడింది. 2008లో బిట్స్ పిలానీ సంస్థ తన హైదరాబాదు ప్రాంగణాన్ని ఆ దగ్గరలోనే తెరిచింది. కండ్లకోయలో ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. 2018లో కండ్లకోయ కూడలి వద్ద మిగిలిపోయిన కొద్దిపాటి దూరం కూడా పూర్తి కావడంతో 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు సంపూర్ణ వలయమైంది. ఉదయంపూట ఆ దారిన కళాశాల బస్సులు బారులు తీరి సాగుతాయి. వాటిలో కూర్చున్న పిల్లల్లో, ఇంట్లో ఇంగ్లీషు మాట వినకుండా పెరిగినవారు తక్కువేమీ కాదు.

అటువంటి విద్యార్థికి ఇంజనీరింగు కళాశాలలో అడుగుపెట్టిన తొలి సంవత్సరంలోనే ఎదురయ్యేది ఆంగ్లశాఖ. ఆ శాఖ స్థితి విచిత్రమైనది. దానికి అధ్యాపకులుంటారు, పాఠ్యప్రణాళిక ఉంటుంది, హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఉచ్చారణ సాధన చేసే భాషా ప్రయోగశాల ఉంటుంది, ‘వీడు నా విద్యార్థి’ అని చెప్పుకోవడానికి మాత్రం ఒక్కడూ ఉండడు. ఒకడు కంప్యూటర్ శాఖవాడు, ఒకతె సివిల్ శాఖ పిల్ల. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనో, 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా ఆరంభమై తరువాత కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూలోనో అయితే ఇంగ్లీషు ఎం.ఏ. చదివే పిల్లలు ఆ శాఖకు సొంతబిడ్డలు. అక్కడ చిన్న తరగతివారు పెద్ద తరగతివారికి వీడ్కోలు చెబుతారు. ఇంజనీరింగు కళాశాలలోని ఆంగ్లశాఖ మాత్రం ఏడాదిపాటు పెంచి, ఏడాది చివర అప్పగింతలు పెట్టే ఇల్లు. అందువల్లనే అక్కడ జరిగే సంవత్సరాంతపు సభకు ఒక ప్రత్యేకత ఉంది. ఆ శాఖ తన పని ఫలితాన్ని కళ్ళారా చూసుకొనే రోజు అది.

సభ జరిగే తీరు తెలుగునాట ఎక్కడైనా దాదాపు ఒక్కటే. వేదిక మీద ఇంగ్లీషు అక్షరాల బ్యానరు, అయిదారు కుర్చీలు, ఒక పక్కన ఇత్తడి దీపపుకుందె. జ్యోతి వెలిగించేటప్పుడు సంస్కృత శ్లోకం, అతిథులను ఆహ్వానించేటప్పుడు ఇంగ్లీషు, నృత్యం చేసేటప్పుడు తెలుగు సినిమా పాట. ముఖ్య అతిథికి శాలువా, జ్ఞాపిక. నడుమ ఒక హాస్యనాటిక. చివరకు సమోసా, చల్లని పానీయం, గుంపులు గుంపులుగా ఛాయాచిత్రాలు. మూడు భాషలు ఒకే వేదిక మీద ఎవరి వేళకు అవి వచ్చి పోతూ ఉంటాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఇందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. ఏడాదంతా పుస్తకం ముందు కూర్చున్న పిల్లలు ఒక పూట ఆడిపాడితే ఎవరికి నష్టం? అయితే ఆ ఆటపాటలు ఏ శాఖ చేసినా ఒకటే. ఆంగ్లశాఖ నేర్పినది అందులో ఎంత కనిపించింది, ఎవరి నోట వినిపించింది అనేవి వేరే ప్రశ్నలు. మైకు చాలాచోట్ల ఆ నలుగురైదుగురి చేతిలోనే ఉంటుంది. వారు నగరంలోని ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలల్లో చదివి వచ్చినవారు. కళాశాలకు వచ్చేనాటికే ఆ భాష వారి నాలుక మీద ఉంది. వారి ప్రతిభ ప్రశంసింపదగినదే గాని, అది ఆ శాఖ ఆ ఏడాది సంపాదించిన ఆస్తి కాదు.

ఆ శాఖ నిజంగా శ్రమపడింది వెనుక వరుసలో కూర్చునేవాడి విషయంలో. పదవ తరగతి వరకు తెలుగులో చదివి వచ్చిన ఆ పిల్లవాడు పరీక్షలో సమాధానం తిన్నగానే రాస్తాడు. ప్రయోగశాలలో యంత్రంతో ఒంటరిగా మాట్లాడుతాడు. నలుగురి ఎదుట నోరు తెరవడు. దానికి కారణం చాలాసార్లు వ్యాకరణం కాదు. ఒకనాడు అతడు ఒక మాట తప్పుగా పలికినప్పుడు తరగతి నవ్వి ఉంటుంది. నవ్విన తరగతి మరునాటికి మరచిపోతుంది. అతడు నాలుగేళ్ళదాకా మరువడు. ఆ మౌనాన్ని విడిపించడానికి అధ్యాపకులు ఏడాది పొడుగునా చేసిన ప్రయత్నం ఏ మార్కుల పట్టికలోనూ కనిపించదు. సంవత్సరాంతపు సభలో కూడా కనిపించకపోతే ఇక కనిపించే చోటే లేదు.

ఇంగ్లీషు రాకపోవడం వేరు, ఇంగ్లీషు తప్ప మరేమీ విద్య కాదనుకోవడం వేరు. హైదరాబాదులోనే ఇందుకు ఒక పాత ఉదాహరణ ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైనప్పుడు అక్కడ శాస్త్రాలన్నింటినీ ఉర్దూలో బోధించేవారు. ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశం. బోధనకు కావలసిన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేందుకు ప్రత్యేకంగా అనువాద విభాగాన్నే నెలకొల్పారు. ఉర్దూ తమ ఇంటిభాష కాని తెలుగు పిల్లలకు ఆ ఏర్పాటు కష్టాన్నే కలిగించిందన్నది మరువరానిది. ఆ లోపం ఒప్పుకొంటూనే గమనించదగిన విషయం ఒకటుంది: అక్కడ ఇంగ్లీషు శ్రద్ధగా నేర్వవలసిన ఒక భాష, గణితమో రసాయనమో తెలుసుకోవడానికి కట్టవలసిన సుంకం కాదు. 1948 తరువాత ఆ పద్ధతి తొలగి బోధన ఇంగ్లీషులోకి మారింది.

కళాశాలల్లో జరిగే ఉత్సవాలూ పోటీలూ కాలక్షేపానికే అనుకొనేవారు కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి జీవితాన్ని తలచుకోవాలి. ఆయన చదివింది మద్రాసు క్రైస్తవ కళాశాలలో. చదువంతా ఇంగ్లీషులో సాగే ఆ కళాశాలలో విద్యార్థుల తెలుగు భాషాసమాజం ఒకటి ఉండేది. 1899లో ఆ సమాజం కావ్యరచనకు పోటీ పెట్టింది. ఇరవై ఏళ్ళయినా నిండని ఆ యువకుడు రాసి పంపిన కావ్యమే ‘ముసలమ్మ మరణము’. మరుసటి ఏడాది అచ్చయింది. అనంతపురం ప్రాంతపు చెరువుకట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ఒక సామాన్య రైతు ఇంటి కోడలు అందులో నాయిక. ఆ కావ్యంతో తెలుగు కవిత్వం కొత్త మలుపు తిరిగిందని విమర్శకులు గుర్తించారు. కవి తరువాత కేంబ్రిడ్జిలో చదివాడు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. ఇంగ్లీషు చదువు అతనిచేత తన ఊరివైపు కథను వదిలించలేదు. కళాశాలలో ఒక చిన్న సమాజం పెట్టిన పోటీ ఇంత పని చేసింది.

గురజాడ అప్పారావు ఉదాహరణ ఇంకా దగ్గరగా వస్తుంది. విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకత్వం నెరపిన గురజాడ మొదట ఇంగ్లీషులో కవిత్వం రాసినవాడు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకానికి పీఠికను ఇంగ్లీషులో రాశాడు. నాటకాన్ని మాత్రం వీధుల్లో, వంటిళ్ళలో వినిపించే తెలుగులో రాశాడు. 1909లో దాన్ని ఎంతో పెంచి, తిరగరాసి ప్రచురించాడు. అందులో గిరీశం వెంకటేశానికి ఇంగ్లీషు గురువు. చదువు అంతంతమాత్రమైన ఆ శిష్యుణ్ణి వెంటబెట్టుకొని గురువు వాళ్ళ ఊరికి వస్తాడు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ కంఠతా పట్టిన పద్యపు ముక్కలనూ వాచకపు వాక్యాలనూ ఒకరి మీదికి ఒకరు విసురుకొని, అదే సంభాషణ అనిపిస్తారు. ఆ తల్లి సంతోషిస్తుంది. ప్రేక్షకుడు నవ్వుతాడు.

ఆ నవ్వు ఎవరి మీద? ఇంగ్లీషు రాని వెంకమ్మ మీద కాదు. వచ్చినట్లు నటించేవారి మీద. గురజాడ చూపిన ఈ తేడా నేటి తరగతిగదికి అత్యవసరం. తడబడుతూ సొంతమాట చెప్పే విద్యార్థిని చూసి నవ్వుతూ, అర్థం పట్టకుండా కాగితం మీది ఆహ్వానవాక్యాలను గడగడా అప్పజెప్పేవారికి చప్పట్లు కొట్టడం తలకిందుల రసజ్ఞత. కన్యాశుల్కం పుట్టి వందేళ్ళు దాటిన తరువాత కూడా గిరీశానికి శిష్యుల కొరత లేకపోవడం ఆశ్చర్యమే.

ఆంగ్లశాఖ వేదిక మీద తెలుగుకు ఏం పని అని అడిగేవారున్నారు. వారి వాదంలో బలం లేకపోలేదు. ఉద్యోగమిచ్చే సంస్థలు ప్రాంగణ నియామకాలకు వచ్చినప్పుడు ప్రశ్నలు ఇంగ్లీషులోనే అడుగుతాయి. అక్కడ ఎవరూ అనువాదకుణ్ణి పక్కన కూర్చోబెట్టరు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లవాడికే ఆ సాధన ఎక్కువ అవసరం. అతణ్ణి కనికరించి ఇంగ్లీషు నుంచి తప్పించడమంటే అతడి అన్నంలోనే చెయ్యిపెట్టడం. ఇదంతా నిజమే. కాని మౌఖిక పరీక్షలో అడిగేది కంఠస్థం చేసిన పద్యాన్ని కాదు. నీ ఊరేది, నీవేం చేశావు, నీకేం తెలుసు అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు విద్యార్థికి ముందుగా తెలుగులోనే తట్టుతుంది. అక్కడినుంచి ఇంగ్లీషుకు నడిచే దారి అలవాటు చేయడమే బోధన.

వేదిక మీద అటువంటి నడకకు చోటు ఇస్తే సభ రూపమే మారిపోతుంది. ఉదాహరణకు, ఆషాఢంలో తన ఇంట ఎత్తే బోనాన్ని గురించి ఇంగ్లీషులో చెప్పమని ఒక విద్యార్థినిని అడగవచ్చు. బోనానికి సరిపోయే మాట ఏ నిఘంటువులోనూ దొరకదు. కుండ అంటే చాలదు, నైవేద్యం అంటే చాలదు. భోజనమన్న మాటే బోనమైందని చెప్పాలి. కుండలోని అన్నాన్ని గురించి, చుట్టూ కట్టిన వేపరెమ్మలను గురించి, పైన వెలిగే దీపాన్ని గురించి చెప్పాలి. తలమీద మోసుకుపోయే అమ్మ నడకను చెప్పాలి. పాఠ్యపుస్తకంలో లేని వాక్యాలు ఆమె సొంతంగా కూర్చుకోవలసి వస్తుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె నేర్చే ఇంగ్లీషు ఎత్తిరాసిన ఉపన్యాసాల్లో లేదు. తాతగారి ద్రాక్షపందిరి గురించి మరొకరు, శామీర్‌పేట చెరువు గురించి ఇంకొకరు చెప్పవచ్చు. తప్పులు దొర్లుతాయి. దొర్లనీయాలి, సవరించడానికి మరునాడు తరగతిగది ఉండనే ఉంది.

నాటకం వేయదలచినవారికి వెతుకులాట అక్కరలేదు. వెల్చేరు నారాయణరావు కన్యాశుల్కాన్ని ‘గర్ల్స్ ఫర్ సేల్’ అనే పేరుతో ఇంగ్లీషులోకి అనువదించగా 2007లో వెలువడింది. వెంకమ్మ ముచ్చటపడిన ఆ రంగాన్నే మొదట గురజాడ తెలుగులో ఆడి, వెంటనే ఇంగ్లీషులో ఆడవచ్చు. ఏ మాట ఆ భాషలోకి చేరింది, ఏ మాట ఒడ్డునే ఉండిపోయింది అని ప్రేక్షకులే పోల్చిచూసుకొంటారు. భాషాశాఖ జరుపుకొనే పండుగకు ఇంతకంటె తగిన వినోదం అరుదు.

తేదీకి కూడా ఇబ్బంది లేదు. షేక్స్‌పియర్ స్మృతితో ముడిపడిన ఏప్రిల్ 23ను యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి 2010 నుంచి అదే రోజును ఆంగ్లభాషా దినంగా పాటిస్తున్నది. పరీక్షల కాలపట్టిక అనుమతించినచోట ఆనాడే సభ పెట్టుకోవచ్చు. అసలు చిక్కు తేదీలో లేదు, సన్నాహంలో ఉంది. వారం ముందు పేర్లడిగితే చేతులెత్తేది ఆ నలుగురైదుగురే. వెనుక వరుసవారిని సంక్రాంతి సెలవుల తరువాతే గుర్తించి, మెల్లగా పిలిచి, రెండు మూడు నెలలు పక్కన కూర్చొని సిద్ధం చేయాలి. పనిభారంతో ఉన్న అధ్యాపకులకు ఇది అదనపు శ్రమే. తీరికవేళను వారి వారపు పట్టికలో ఒక గంటగా చూపవలసిన బాధ్యత యాజమాన్యాలది.

ఇక సభకు వచ్చే తల్లిదండ్రుల సంగతి. పిలిచినచోట వారు పొలం పనో, కంపెనీ పనో మానుకొని వస్తారు. వెనుక కుర్చీల్లో కూర్చుంటారు. రెండు గంటలసేపు వేదిక మీద ఏం చెబుతున్నారో తెలియకపోయినా, ఎదుటివారు చప్పట్లు కొట్టినప్పుడల్లా కొడతారు. వెంకమ్మ సంతోషం వంటిదే వారి సంతోషం కూడా. అందరూ సమోసాల కోసం లేచేవేళ హడావుడిగా ముగించే వందన సమర్పణను వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పించవచ్చు. అదీ ఏడాది మొదట్లో నోరు విప్పని ఆ విద్యార్థి చేత, అతడు ఇంగ్లీషులో తన వంతు చెప్పి ముగించిన వెంటనే చెప్పించవచ్చు. కార్యక్రమపత్రంలో అతడి పేరు అచ్చువేయించడానికి ఒక పంక్తి చాలు.