మోసేదాన్ని మోయనివ్వాలి

హెలికాప్టరు చప్పుడు వినబడితే చాలు, కంచాలు వదిలేసి గ్రౌండులోకి పరిగెడతాం. అది ఏ పనికి పుట్టిందో, ఏ పని చేయిస్తున్నారో మాత్రం ఆలోచించం. అందుకే ఇది రాస్తున్నాను.

మన వాయుసేనలో ఎంఐ-17 అనే రష్యా హెలికాప్టరు ఉంది. అది మోతకి పుట్టింది. ఇరవై మందికి పైగా సైనికుల్ని గానీ, సుమారు 4 టన్నుల సామాను గానీ మోస్తాది. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. శత్రువులు సుమారు 15 వేల అడుగుల కొండల మీద కూర్చున్నారు. అంత ఎత్తున గాలి పలచన. అప్పుడు మనకున్న యుద్ధ హెలికాప్టర్లు అక్కడ పనిచేయలేవు. అందుకని ఎంఐ-17కే పక్కల రాకెట్లు బిగించి పంపారు.

మే 28న తోలోలింగ్ కొండ దగ్గర ఒకదాన్ని క్షిపణితో కూల్చేశారు. ఆ క్షిపణి ఇంజను వేడిని పట్టుకుని వస్తాది. దాన్ని దారి తప్పించడానికి మండే గుళ్లు విడవాలి, వాటిని ఫ్లేర్లు అంటారు. ఆ హెలికాప్టరుకి అవి లేవు. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్లు ఆర్.కె. సాహు, పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్ అమరులయ్యారు. ఆ తర్వాత ఆ యుద్ధంలో ఎంఐ-17లను దాడికి పంపడం మానేశారు.

యుద్ధంలో చేతికి దొరికిందే ఆయుధం కదా అని కొందరంటారు. ఆ నలుగురి ధైర్యానికి నేనూ దండం పెడతాను. కానీ ఎద్దుకి కొమ్ములున్నాయని పులి మీదికి తోలతామా? కార్గిల్ పాఠంతోనే ఎత్తు కొండల్లో పోరాడే ‘ప్రచండ్’ హెలికాప్టరును మన దేశంలోనే తయారుచేశారు. అది 2022 అక్టోబరులో వాయుసేనలో చేరింది. అంటే 23 ఏళ్లు పట్టింది! పోరాడేదాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. లేకపోతే మోసేవాళ్ల ప్రాణాలు పోతాయి.

ఇంకో మాట. రాకెట్ల బరువు ఎక్కితే మనుషుల బరువు దించాల్సిందే. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టర్లు మేడల మీదున్న వాళ్లకి అన్నం పొట్లాలు జారవిడిచాయి. మా కొండ మీద నొప్పులొచ్చిన ఆడదాన్ని నేటికీ డోలీ కట్టి దించుతున్నారు. మా పిన్నినీ అలాగే దించారు, భుజాలు మార్చుకుంటూ, వానలో. మాకు కావలసింది మోసే హెలికాప్టరే.

దేశానికి యుద్ధ హెలికాప్టర్లు ఉండాలి, వద్దనను. కానీ మోసేదాన్ని మోయనివ్వండి. వార్డెన్ అమ్మగారూ, అక్కచెల్లెళ్లారా, మీరేటంటారు? వచ్చే సంచికలో రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని