హాజరు పట్టీలో పేరు

పొద్దున పూట వేల్పూర్‌లో బడి పక్కగా వెళ్తుంటే హాజరు పిలుపు వినిపిస్తుంది. ఒక పేరు, వెంటనే ‘ఉన్నాను సార్’. మళ్లీ ఇంకో పేరు. రోజూ ఉండేదే కదా అని ఎవరూ ఆగరు. నాకు మాత్రం కాసేపు నిలబడి వినాలనిపిస్తుంది.

ఈ పిల్లల అమ్మానాన్నలు చిన్నగా ఉన్నప్పుడు చాలామంది పేర్లు వేరే లెక్కల్లో ఉండేవి. నాన్న తెచ్చిన అప్పు తీరేదాకా కొడుకు జీతం ఉండాలి. బిడ్డ అమ్మ పక్కన చాట పెట్టుకుని బీడీలు చుట్టాలి. 2001లో కలెక్టర్ అశోక్ కుమార్ చొరవతో ఊళ్లన్నీ కదిలాయి. ఆ అక్టోబర్ 2 నాటికి వేల్పూర్ బాల కార్మికులు లేని మండలమైంది. అందులో నా మనసును ఇప్పటికీ తాకేది ఒకటుంది. పిల్లల్ని పనిలో పెట్టుకున్నవాళ్లు సుమారు 35 లక్షల రూపాయల బాకీలు వదులుకున్నారు.

అది తలచుకుంటే పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ గుర్తొస్తారు. 1651లో ఫ్రాన్స్‌లోని రీమ్స్ పట్నంలో కలిగిన ఇంట పుట్టిన క్రైస్తవ గురువు. పేదపిల్లల బడి పంతుళ్లకు కాస్త సాయపడదామని వాళ్లను భోజనానికి పిలిచారు. 1681లో ఏకంగా ఇంట్లోనే ఉంచుకున్నారు. చుట్టాలు మండిపడ్డారు. ఇంతదాకా వస్తుందని ముందే తెలిస్తే ఈ పనిలో వేలు పెట్టేవాణ్నే కాదని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఆ నిజాయితీ వల్లే ఆయన నాకు దగ్గరి మనిషిలా అనిపిస్తారు.

రేపటి తిండి గురించి దిగులొద్దని పంతుళ్లకు ధైర్యం చెప్పబోతే, ‘మీకేం, ఆస్తి ఉంది’ అన్నారట వాళ్లు. ఆ మాట ఆయనలో నాటుకుపోయింది. 1683లో చర్చిలోని గొప్ప పదవి వదిలేశారు. ఆ వెంటనే వచ్చిన కరువులో ఆస్తంతా రొట్టెలుగా పంచేశారు. ఇక పంతుళ్లూ ఆయనా ఒక్కటే. వాళ్ల బడుల్లో చదువు లాటిన్‌తో కాక, పిల్లలు ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలోనే మొదలయ్యేది. 1950లో ఆయన్ని ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా ప్రకటించారు.

ఎక్కడి రీమ్స్, ఎక్కడి మన పసుపు చేలు! అయినా ఒక పిల్లాడు బడి మెట్టెక్కాలంటే, ఎవరో ఒక పెద్దమనిషి తనకు రావలసినదేదో వదులుకోవాలేమో అనిపిస్తుంది.

మొన్న ఒక పేరుకు జవాబు రాలేదు. సారు రెండోసారి పిలిచారు. వెనక వరసలోంచి ఓ చిన్న గొంతు, ‘వాడికి జ్వరం సార్, రేపొస్తడు’ అంది.