పేరు వెనుక పేరు: హేమ్‌స్ట్రా వారి అమ్మాయి

'రోమన్ హాలిడే' చూడనివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ముందు ఆ బొమ్మ చూసొచ్చి తర్వాత ఈ శీర్షిక చదవండి! 1953లో విడుదలైన ఆ చిత్రంలో ఆడ్రీ హెప్‌బర్న్ రాజకుమారి. రాచమర్యాదలతో విసిగిపోయి రాత్రికి రాత్రే భవనం నుంచి పారిపోతుంది. రోము నగరంలో ఇంటిపేరేమిటని అడిగితే 'స్మిత్' అనేస్తుంది. ఇంగ్లీషువాళ్ళలో అంతకంటే మామూలు పేరు మరొకటి లేదు.

తమాషా ఏమిటంటే, నిజజీవితంలో ఆడ్రీ దీనికి సరిగ్గా తలకిందులు చేసింది. మామూలు ఇంగ్లీషు పేరు దాచేసి గొప్పింటి పేరు తగిలించుకుంది. సరదాకి కాదండోయ్, ప్రాణభయంతో!

ఆడ్రీ 1929లో బెల్జియంలో పుట్టింది. తండ్రి బ్రిటిష్ పౌరుడు, ఇంటిపేరు రస్టన్. తల్లి ఎల్లా డచ్చి ప్రభువంశపు ఆడపడుచు. ఆమె పుట్టింటి పేరే ఫాన్ హేమ్‌స్ట్రా. (ఇంగ్లీషువాళ్ళు 'వాన్ హీమ్‌స్ట్రా' అని ఖూనీ చేస్తారు. డచ్చివాళ్ళ నోట 'ఫాన్ హేమ్' అనే వస్తుంది.)

ఆ తోక 'స్ట్రా' ఉంది చూశారూ, అది హాలండుకు ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్ సీమది. ఫలానా చోట కాపురముండేవాడని దాని అర్థం. డైక్‌స్ట్రా అంటే సముద్రపు గట్టు దగ్గర ఉండేవాడు. డైక్‌స్ట్రాలు హాలండులో కోకొల్లలు, ఫాన్ హేమ్‌స్ట్రాలు మాత్రం అరుదు. 'హేమ్' అంటే ఇల్లు, వాకిలి, పెరడు అన్నీ కలిసిన చోటు. అంటే మాటకు మాట పెడితే 'ఇంటివారు' అన్నమాట. మనం ఇంటిపేరు అంటాం, వాళ్ళకు ఇల్లే పేరైంది! పైగా ముందున్న 'ఫాన్' అన్నా 'నుంచి' అనే అర్థం. ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టే. గొప్పవాళ్ళ పేర్లు కదా, ఎవరడుగుతారు!

ఆ ఫ్రీస్‌లాండులో చాలామందికి 1811 దాకా ఇంటిపేరే లేదు. తండ్రి పేరు పక్కన పెట్టుకుని బతికేశారు. నెపోలియన్ ఏలుబడిలో ప్రతివాడూ ఇంటిపేరు రాయించుకోవాలని హుకుం వచ్చాక 'స్ట్రా'లు పెరిగిపోయాయి. ప్రభువంశాలకు ఆ తిప్పలు లేవు. వాళ్ళ పేర్లు అంతకుముందే ఉన్నాయి.

ఇక మన ఆడ్రీ సంగతి. 1939లో యుద్ధం రాగానే తల్లి ఆమెను ఇంగ్లండు నుంచి హాలండులోని ఆర్నెమ్ పట్టణానికి తెచ్చేసింది. హాలండు తటస్థ దేశం, క్షేమంగా ఉంటామనుకుంది. 1940 మేలో జర్మన్ సైన్యం వచ్చి పడింది! ఇంగ్లీషు పేరున్న పిల్ల వాళ్ళ కంట పడితే ఏమవుతుంది? అందుకని ఆడ్రీ రస్టన్ కాస్తా ఎడ్డా ఫాన్ హేమ్‌స్ట్రా అయిందని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. నోరు తెరిస్తే ఇంగ్లీషు రాకూడదు. పదకొండేళ్ళ పిల్లకు అది ఎంత కష్టమో ఊహించండి.

నిజానికి ఆ పేరు చట్టప్రకారం ఆమెది కాదు. డచ్చి ప్రభువంశపు బిరుదు కొడుకుల ద్వారానే దిగుతుంది, కూతుళ్ళ పిల్లలకు రాదు. ఎల్లా మాత్రం 'ఎల్లా బరోనెస్ ఫాన్ హేమ్‌స్ట్రా'. బిరుదు పేరుకు ముందు కాదు, నట్టనడుమ రావడం వాళ్ళ పద్ధతి.

గొప్ప పేరైతే మాత్రం కాపాడిందా అంటే, అందరినీ కాదు. తల్లి తోబుట్టువు భర్త కూడా ప్రభువంశీకుడే. ఆయన్ని బందీగా పట్టుకుని 1942 ఆగస్టు 15న కాల్చి చంపారు. 1944-45 చలికాలంలో తిండి లేక జనం ట్యులిప్ దుంపలు తిన్నారు. ఆడ్రీ చిక్కి శల్యమైంది. తెరమీద మనం మెచ్చుకునే ఆ సన్నని నడుము వెనుక ఆ ఆకలి కూడా ఉంది.

1948లో హాలండులో తీసిన ఓ చిత్రంలో విమాన పరిచారికగా చిన్న వేషం వేసింది. తారగా వెలిగేసరికి రస్టనూ లేదు, హేమ్‌స్ట్రా లేదు, హెప్‌బర్న్ మిగిలింది. స్కాట్లండు రాణి మేరీ భర్త జేమ్స్ హెప్‌బర్న్ వంశం తమదని నమ్మి తండ్రి తగిలించుకున్న పేరది. తర్వాత వంశవృక్షం తిరగేసినవాళ్ళకు ఆ రక్తసంబంధం కనబడలేదు! నిజంగా పెద్దింటి రక్తమున్న పేరు భయంతో పెట్టుకున్నది, లోకమంతా జేజేలు కొట్టిన పేరు అరువుది.

అన్నట్టు, డచ్చి పుస్తకాల్లో ఎప్పుడైనా ఆ వంశం పేరు వెతకాల్సివస్తే 'వి' దగ్గర వెతక్కండి. 'ఫాన్'ను వాళ్ళు వరసలో లెక్కలోకి తీసుకోరు. 'హెచ్' దగ్గర చూడండి. ముందు హేమ్‌స్ట్రా, ఇంకాస్త కిందికి దిగితే హెప్‌బర్న్.